ఫరోఖ్ బుల్సారా నుంచి ఫ్రెడ్డీ మెర్క్యురీ వరకు: ఒక రాక్ గాయకుని తొలి జీవితం, ప్రస్థానం - పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

జీవిత చరిత్ర రచనలో ఒక వ్యక్తి చెప్పిన మాటలకు ఎంత ప్రాధాన్యం ఉంటుందో, చెప్పకుండా విడిచిపెట్టిన మాటలకూ అంతే ప్రాధాన్యం ఉంటుంది. చెప్పిన మాటను ఇతర ఆధారాలతో సరిపోల్చి నిగ్గు తేల్చవచ్చు. చెప్పని మాటను మాత్రం చరిత్రకారుడు తన కాలపు అవసరాలకు తగినట్లు పూరించే ప్రమాదం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు రాక్ సంగీత చరిత్రలో ఈ సమస్యకు చక్కని ఉదాహరణ ఫ్రెడ్డీ మెర్క్యురీ (1946-1991). బ్రిటిష్ రాక్ బృందం 'క్వీన్'కు ప్రధాన గాయకుడిగా, గీతకర్తగా, పియానో వాద్యకారుడిగా ఆయన ప్రపంచ ప్రసిద్ధులు. అయితే పదిహేడేళ్ళ వయస్సు వరకు ఆయన జీవితం తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలోను, నేటి మహారాష్ట్రలోని పంచ్‌గనిలోను గడిచింది. పేరు ప్రఖ్యాతులు వచ్చిన తర్వాత ఇచ్చిన ముఖాముఖిలలో ఆయన ఆ పదిహేడేళ్ళ గురించి మాట్లాడింది బహు స్వల్పం.

ఈ మౌనానికి సాధారణంగా రెండు వ్యాఖ్యానాలు కనిపిస్తాయి. ఆయన తన మూలాలను చూసి సిగ్గుపడి దాచుకున్నారన్నది మొదటిది. పైకి దాచినా ఆయన పాటలన్నింటిలోను భారతీయత దాగి ఉందన్నది రెండవది. మొదటిది ఆక్షేపణ, రెండవది స్వాయత్తీకరణ. రెండింటిలోను ఉన్న లోపం ఒక్కటే: అవి ఆధారాన్ని ఊహనుంచి వేరు చేయవు. మెర్క్యురీ తొలి జీవితంలోని ఏ అంశాలు తరువాతి ప్రస్థానంలో నిరూపణకు నిలబడేంత స్పష్టంగా కొనసాగాయి, ఆయన మౌనాన్ని ఏ చారిత్రక సందర్భంలో చదవాలి అనే రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వంశ నేపథ్యం - జాంజిబార్

మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లోని స్టోన్ టౌన్‌లో జన్మించారు. తల్లిదండ్రులు బోమీ, జెర్ బుల్సారా దంపతులు పార్సీలు. దక్షిణ గుజరాత్‌లోని బుల్సార్ (నేటి వల్సాడ్) పట్టణం పేరే ఆ వంశానికి ఇంటిపేరుగా స్థిరపడింది. 1952లో ఫరోఖ్‌కు కశ్మీరా అనే చెల్లెలు పుట్టింది.

ఈ కుటుంబ గమనం వెనుక రెండు వలసలున్నాయి. ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి పార్సీల పూర్వికులు చేసిన శతాబ్దాల నాటి ప్రయాణం మొదటిది. అది ఆ సమాజపు సామూహిక స్మృతిలో భాగం. రెండవది బ్రిటిష్ సామ్రాజ్య కాలంలో పశ్చిమ భారత తీరం నుంచి తూర్పు ఆఫ్రికాకు సాగిన వలస. 1890 నుంచి జాంజిబార్ సుల్తాను పాలనలోని బ్రిటిష్ రక్షిత రాజ్యంగా ఉండేది. అక్కడి వర్తకంలోను, ప్రభుత్వ కొలువుల్లోను భారతీయులకు గణనీయమైన స్థానం ఉండేది. బోమీ బుల్సారా వలస ప్రభుత్వ కార్యాలయంలో కేషియరుగా పనిచేశారు. అరబ్బీ, స్వాహిలీ, గుజరాతీ, ఇంగ్లీషు భాషలు ఒకే వీధిలో వినిపించే ఓడరేవు పట్టణంలో, ఆర్థికంగా నిలదొక్కుకున్న ఉద్యోగి ఇంట ఫరోఖ్ బాల్యం మొదలయింది.

ఫరోఖ్‌ను 'జాంజిబారీ' అనాలా, 'భారతీయుడు' అనాలా, 'పర్షియన్' అనాలా అన్న ప్రశ్నకు ఈ నేపథ్యంలోనే ఏక పద సమాధానం దొరకదు. పుట్టిన నేల, వంశ మూలం, మతం, పౌరసత్వం నాలుగూ ఒకే దిక్కుకు చూపని జీవితం అది. సామ్రాజ్యం కొనసాగినంత కాలం ఈ వైరుధ్యం కుటుంబాన్ని ఇబ్బంది పెట్టలేదు. సామ్రాజ్యం కూలినప్పుడు మాత్రం అదే ప్రశ్న ప్రాణాపాయంగా మారింది.

పంచ్‌గని విద్య - పియానో ముందు కూర్చున్న బాలుడు

ఎనిమిదేళ్ళ వయస్సులో ఫరోఖ్‌ను చదువు కోసం సముద్ర మార్గాన భారతదేశానికి పంపారు. 1955లో పంచ్‌గనిలోని సెయింట్ పీటర్స్ పాఠశాలలో చేరారు. బ్రిటిష్ ఆశ్రమ పాఠశాలల పద్ధతిలో నడిచే ఆ విద్యాలయంలో క్రికెట్, బాక్సింగ్, చిత్రలేఖనం, నాటకం, బృందగానం అన్నీ శిక్షణలో భాగాలు. సెలవులన్నింటికీ జాంజిబార్ వెళ్ళి రావడం సాధ్యమయ్యేది కాదు గనుక, ఆ రోజులు చాలావరకు బొంబాయిలోని బంధువుల ఇంట గడిచేవి. ఫరోఖ్ అనే పేరు 'ఫ్రెడ్డీ'గా మారింది కూడా ఈ పాఠశాలలోనే. తరువాతి కాలంలో బ్రిటన్‌లో మెప్పు కోసం తెచ్చిపెట్టుకున్న పేరుగా కొందరు భావించే 'ఫ్రెడ్డీ' నిజానికి పంచ్‌గని స్నేహితులు పెట్టిన పేరు.

సంగీతపరంగా ఈ దశలో స్పష్టమైన ఆధారం ఉన్న అంశాలు మూడు. మొదటిది పియానో శిక్షణ. ఆయన పాశ్చాత్య సంగీత పాఠాలను క్రమపద్ధతిలో నేర్చుకొని పియానోలో నాలుగో గ్రేడు వరకు వచ్చారు. రెండవది పాఠశాల బృందగానం. అనేక కంఠాలు వేర్వేరు స్వరస్థాయిల్లో కలిసి పాడే పద్ధతి ఆయనకు చిన్ననాడే పరిచయమయింది. మూడవది 1958లో సహ విద్యార్థులతో కలిసి ఏర్పరచిన 'ది హెక్టిక్స్' అనే బృందం. క్లిఫ్ రిచర్డ్, లిటిల్ రిచర్డ్ వంటి వారి పాటలను ఆ బాలురు పాఠశాల వేడుకల్లో వాయించేవారు. ఆ బృందంలో ప్రధాన గాయకుడు ఫ్రెడ్డీ కాదు. ఆయన పియానో వాద్యకారుడు మాత్రమే. తరువాత లక్షల మందిని తన కంఠంతో కట్టిపడేసిన గాయకుడు తొలి బృందంలో పియానో దగ్గరే ఉండిపోయారన్న వాస్తవం ఆయన ప్రస్థానాన్ని అర్థం చేసుకోవడానికి ఒక తాళంచెవి.

బొంబాయి సినిమా సంగీతాన్ని, ముఖ్యంగా లతా మంగేష్కర్ గానాన్ని ఆయన తొలి ప్రభావాలలో ఒకటిగా జీవిత చరిత్రకారులు పేర్కొంటారు. 1950లలో బొంబాయిలో సెలవులు గడిపిన బాలునికి ఆ గానం పరిచయం కావడం సహజమే. అయితే విన్నారనడం వేరు, ప్రభావితులయ్యారనడం వేరు. క్వీన్ పాటల నిర్మాణంలో హిందీ సినిమా పాట బాణీనో, హిందుస్తానీ రాగ పద్ధతినో నేరుగా చూపగల ఉదాహరణలు లేవు. పియానో, బృందగానం, రాక్ అండ్ రోల్ అనుకరణ - ఈ మూడింటి జాడలు మాత్రం చివరి వరకు చూపవచ్చు. కనుక పంచ్‌గని ఆయనకిచ్చింది 'భారతీయ సంగీతం' కాదు. వలస పాలన భారతదేశంలో నెలకొల్పిన పాశ్చాత్య విద్యా సంస్కృతి. అదీ భారతదేశ చరిత్రలో భాగమేనని గుర్తిస్తే స్వాయత్తీకరణ అవసరం ఉండదు, నిరాకరణ అవసరమూ ఉండదు.

1964: విప్లవం, వలస

1963లో ఫ్రెడ్డీ జాంజిబార్‌కు తిరిగి వెళ్ళారు. ఆ ఏడాది డిసెంబరు 10న దీవికి స్వాతంత్ర్యం వచ్చింది. నెల రోజులు గడిచీ గడవక ముందే, 1964 జనవరి 12న, సుల్తాను ప్రభుత్వాన్ని విప్లవకారులు కూలదోశారు. తదనంతర హింసలో అరబ్బులు, భారతీయులు వేల సంఖ్యలో మరణించారు. బుల్సారా కుటుంబం ఆ ఏడాదే ఇంగ్లండుకు తరలిపోయి, పశ్చిమ లండన్‌లో హీత్రో విమానాశ్రయానికి సమీపంలో ఉన్న ఫెల్తమ్‌లో స్థిరపడింది.

జీవిత చరిత్రలలో ఈ ఘట్టం తరచు ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. కాని మౌనం అనే సమస్యకు మూలం వెదకవలసింది ఇక్కడే. ఆ కుటుంబానికి జాంజిబార్ ఇష్టపూర్వకంగా విడిచి వచ్చిన పుట్టిల్లు కాదు. వారు చేరిన దేశమూ వలసదారులను చేతులు చాచి ఆహ్వానించే స్థితిలో లేదు. 1962లోనే బ్రిటన్ కామన్వెల్త్ పౌరుల రాకను నియంత్రిస్తూ చట్టం చేసింది. తూర్పు ఆఫ్రికాలోని కెన్యా నుంచి భారతీయ సంతతి ప్రజలు పెద్ద సంఖ్యలో రావడంతో 1968లో ఆ చట్టాన్ని మరింత బిగించింది. అదే ఏడాది ఏప్రిల్ 20న ఎనోక్ పవెల్ బర్మింగ్‌హామ్‌లో వలసదారులకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం దేశమంతటా దుమారం రేపింది. అప్పటికి ఫ్రెడ్డీ ఇరవై ఒక్క ఏళ్ళ చిత్రకళా విద్యార్థి.

లండన్ - చిత్రకళ నుంచి వేదికకు

ఐజల్‌వర్త్ పాలిటెక్నిక్‌లో చదివిన తర్వాత ఫ్రెడ్డీ 1966లో ఈలింగ్ కళా కళాశాలలో చేరి, 1969లో గ్రాఫిక్ కళలో డిప్లొమా పొందారు. మధ్యలో హీత్రోలో సామాను మోసే పని కూడా చేశారు. 'ది హూ' బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ వంటి వారు చదివిన ఈలింగ్‌లో చిత్రకళకు, రాక్ సంగీతానికి మధ్య గోడలు పలుచన. ఆ కాలంలో ఫ్రెడ్డీకి ఆరాధ్యుడు జిమీ హెండ్రిక్స్. ఆయన కచేరీలకు వెళ్ళడమే గాక, ఆయన బొమ్మలు కూడా అనేకం గీశారు. శ్వేతేతరుడైన ఒక రాక్ కళాకారుడు లండన్ వేదికలను శాసించడం ఆ విద్యార్థి కళ్ళముందు జరిగిన చరిత్ర.

ఈలింగ్‌లో సహాధ్యాయి టిమ్ స్టఫెల్ ద్వారా 'స్మైల్' అనే బృందం పరిచయమయింది. అందులో గిటారు వాయించే బ్రయాన్ మే ఇంపీరియల్ కళాశాలలో భౌతికశాస్త్ర విద్యార్థి. డ్రమ్స్ వాయించేవారు రోజర్ టేలర్. ఫ్రెడ్డీ ఆ బృందానికి అభిమానిగా, సలహాదారుగా మెలుగుతూనే 1969-70లలో 'ఐబెక్స్', 'సౌర్ మిల్క్ సీ' అనే వేరే బృందాలలో పాడారు. పియానో వాద్యకారుడు ప్రధాన గాయకుడిగా మారింది ఈ స్వల్పకాలిక బృందాలలోనే. జీవనోపాధికి టేలర్‌తో కలిసి కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత దుస్తుల దుకాణం నడిపారు.

1970లో స్టఫెల్ వైదొలగడంతో ఫ్రెడ్డీ మే, టేలర్‌లతో చేరారు. బృందానికి 'క్వీన్' అన్న పేరు ఆయన సూచించినదే. దాదాపు అదే కాలంలో బుల్సారా అనే ఇంటిపేరును విడిచి 'మెర్క్యురీ' అనే పేరు స్వీకరించారు. 1971లో బాస్ గిటారు వాద్యకారుడు జాన్ డీకన్ చేరికతో నలుగురి బృందం పూర్తయింది. నలుగురి జన్మరాశుల సంకేతాలతో - రెండు సింహాలు, ఒక పీత, ఇద్దరు దేవకన్యలు - బృందానికి చిహ్నం రూపొందించినది కూడా మెర్క్యురీయే. ఈలింగ్ డిప్లొమా ఆ విధంగా బృందపు ముఖచిత్రంగా నిలిచింది.

ప్రస్థానంలో మైలురాళ్ళు

క్వీన్ తొలి ఆల్బమ్ 1973లో వెలువడింది. దానికి ఆదరణ అంతంత మాత్రమే. 1974లో మెర్క్యురీ రచించిన 'సెవెన్ సీస్ ఆఫ్ రై' బ్రిటిష్ జాబితాలో పదో స్థానానికి చేరి బృందానికి తొలి విజయాన్ని ఇచ్చింది. అదే ఏడాది ఆయన రాసిన 'కిల్లర్ క్వీన్' రెండో స్థానాన్ని అందుకొంది. నాటి రాక్ పాటలు చాలావరకు గిటారు మీద ఆధారపడి రూపొందగా, మెర్క్యురీ తన రచనలను ఎక్కువగా పియానో మీద కూర్చేవారు.

1975 అక్టోబరు 31న విడుదలైన 'బొహీమియన్ రాప్సడీ' ఆయన రచనా జీవితంలో శిఖరం. అయిదు నిమిషాల యాభై అయిదు సెకన్ల ఆ పాట రేడియో ప్రసారానికి మరీ పొడవన్న అభ్యంతరాలను అధిగమించి, బ్రిటన్‌లో వరుసగా తొమ్మిది వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. పియానోతో సాగే మంద్రమైన గీతం, ఒపెరా శైలి బృందగానం, కఠినమైన రాక్ అనే భిన్న భాగాలు పల్లవి పునరావృతం లేకుండా అందులో కలిసి ఉంటాయి. ఒపెరా భాగంలో పెద్ద గాయక బృందంలా వినిపించేది నిజానికి మూడే కంఠాలు. మెర్క్యురీ, మే, టేలర్ తమ గొంతులను అనేకసార్లు రికార్డు చేసి, పొరల మీద పొరలుగా పేర్చారు. పంచ్‌గని పియానో, బృందగాన శిక్షణల కొనసాగింపు ఇక్కడ నిర్మాణంలోనే కనిపిస్తుంది. ఇటాలియన్ పాత్రల పేర్ల నడుమ 'బిస్మిల్లా' అనే అరబ్బీ పదం వినిపించడాన్ని, 1978 నాటి 'ముస్తఫా' పాటలో అరబ్బీని తలపించే పలుకులను జాంజిబార్ జ్ఞాపకాలకు ముడిపెట్టడం ఆకర్షణీయమైన ఊహ. దానిని ఊహగానే ఉంచడం శాస్త్రీయం. పియానో విషయంలో ఉన్నంత బలమైన ఆధారం దానికి లేదు.

తరువాతి దశలో మెర్క్యురీ దృష్టి స్టూడియో నుంచి ప్రేక్షకుల వైపు మళ్ళింది. 1976లో 'సమ్‌బడీ టు లవ్'లో ఆఫ్రికన్-అమెరికన్ చర్చి గాన పద్ధతిని తన కంఠపు పొరలతో పునఃసృష్టించారు. 1977లో 'వీ ఆర్ ది ఛాంపియన్స్'ను సభికులు కలిసి పాడుకొనే పాటగా రాశారు. 1979 నాటి 'క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్' ఇందుకు పూర్తిగా భిన్నం. చిన్న పాట, పియానోకు బదులు గిటారు మీద అల్లినది, హెక్టిక్స్ కాలపు రాక్ అండ్ రోల్ శైలి. 1980లో అది అమెరికాలో క్వీన్‌కు తొలి ప్రథమ స్థానాన్ని తెచ్చిపెట్టింది. 1981లో వెలువడిన 'గ్రేటెస్ట్ హిట్స్' సంకలనంలోని పదిహేడు పాటలలో పది మెర్క్యురీ రచనలే.

ప్రస్థానంలో విమర్శకు గురైన ఘట్టం కూడా ఉంది. 1984 అక్టోబరులో క్వీన్ బృందం వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా భూభాగాల నడుమ, బొఫుతత్స్వానాలో ఉన్న సన్ సిటీ వినోద కేంద్రంలో ప్రదర్శనలిచ్చింది. ఐక్యరాజ్యసమితి పిలుపుతో సాగుతున్న సాంస్కృతిక బహిష్కరణను ఉల్లంఘించినందుకు బ్రిటిష్ సంగీత కళాకారుల సంఘం బృందానికి జరిమానా విధించింది. ఆఫ్రికా ఖండంలో పుట్టి, జాతి విద్వేషాల నడుమ ఇల్లు కోల్పోయిన వ్యక్తి తీసుకున్న నిర్ణయంగా దీనిని చూసినప్పుడు మెర్క్యురీ మౌనానికి ఉన్న పరిమితి తెలుస్తుంది. తన గతాన్ని రాజకీయంగా చూడడానికి ఆయన అంగీకరించలేదు. ఆ నిరాకరణ ఆయనను తప్పటడుగు నుంచి కాపాడనూ లేదు.

1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన 'లైవ్ ఎయిడ్' కచేరీలో క్వీన్‌కు దక్కిన సమయం సుమారు ఇరవై నిమిషాలు. మెర్క్యురీ పియానో వద్ద కూర్చొని ప్రదర్శన ప్రారంభించారు. కొద్ది క్షణాలకే లేచి, 72,000 మంది ప్రేక్షకులను తన గొంతుకు బదులు పలికే బృందగానంగా మార్చారు. హెక్టిక్స్‌లో పియానో వద్దనే నిలిచిపోయిన బాలునికి, వేదిక ముందుకు వచ్చి నిలబడిన గాయకునికి మధ్య దూరం ఆ ప్రదర్శనలో కొద్ది అడుగులకు కుదించుకుపోయింది.

1986 జూలై 27న బుడాపెస్ట్‌లో హంగేరియన్ జానపద గీతాన్ని అరచేతిలో రాసుకొని మరీ పాడారు. ఆ ఏడాది ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో జరిగినది క్వీన్‌తో ఆయన చివరి కచేరీ. ఒపెరా గాయని మోంట్సెరాట్ కబాయేతో కలిసి చేసిన 'బార్సెలోనా' ఆల్బమ్ 1988లో వెలువడింది. 1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉన్నట్లు ప్రకటించి, మరునాడే నలభై అయిదేళ్ళ వయస్సులో మరణించారు. లండన్‌లో అంత్యక్రియలను జరతుష్ట్ర మత పురోహితులు నిర్వహించారు. మాటల్లో చెప్పుకోని మూలం అంతిమ సంస్కారంలో ఉంది.

మౌనం - చిత్రణ

2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సడీ' చలనచిత్రం మెర్క్యురీ కథను కొత్త తరానికి చేరవేసింది. అయితే అది కథను హీత్రోలో సామాను మోసే యువకునితో మొదలుపెడుతుంది. జాంజిబార్, పంచ్‌గని సంభాషణల్లో ప్రస్తావనలుగా మిగిలాయి. లైవ్ ఎయిడ్‌కు ముందే వ్యాధి సంగతి బృందానికి వెల్లడైనట్లు చూపింది. వ్యాధి నిర్ధారణ 1987 నాటిదని సాధారణంగా అంగీకరించిన విషయం. బృందం విడిపోయి లైవ్ ఎయిడ్ కోసం తిరిగి కలిసినట్లు చూపింది. నిజానికి 1985 మే వరకు క్వీన్ పర్యటనలోనే ఉంది. బాల్యాన్ని కుదించడానికీ, కాలక్రమాన్ని మార్చడానికీ కారణం ఒకటే: ఒక కచేరీని జీవిత సార్థకతగా నిలబెట్టడం. ఆ క్రమంలో పదిహేడేళ్ళ చరిత్ర ఉపోద్ఘాతంగా కూడా మిగలలేదు.

మెర్క్యురీ మౌనాన్ని సిగ్గుగా మాత్రమే చదవడం అసమగ్రం. 1970ల బ్రిటన్‌లో మూలాలు చెప్పుకోవడమంటే 'వలసదారు' అన్న ఒకే ఒక గుర్తింపు కింద తన కళ మొత్తాన్ని అప్పగించడమే అయ్యే అవకాశం ఎక్కువ. పేరు మార్పును కూడా ఆ వెలుగులోనే చూడాలి. అంతమాత్రాన ఆ మౌనాన్ని కీర్తించనక్కరలేదు. దాని మూల్యం ఆయన తరువాతి తరంలోని దక్షిణాసియా సంతతి కళాకారులు చెల్లించారు. తమకు ముందు అటువంటి నేపథ్యంతో ఒకరున్నారన్న సంగతి వారికి ఆలస్యంగా తెలిసింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మెర్క్యురీ సంగీతానికి పునాది లండన్‌లో పడలేదు. పియానో, బృందగానం, బృంద వాదన అనుభవం, చివరికి 'ఫ్రెడ్డీ' అనే పేరు కూడా 1955-63 మధ్య పంచ్‌గనిలో లభించినవే. ఆ వారసత్వాన్ని 'భారతీయ సంగీత ప్రభావం'గా పేర్కొనడం మాత్రం సాధ్యం కాదు. అది వలస పాలనాకాలపు విద్య ఇచ్చిన మిశ్రమ సంస్కృతి. ఆయన మౌనం వ్యక్తిగత స్వభావమే కాక, 1964 నాటి విస్థాపనకు, 1960ల బ్రిటిష్ వలస విధానానికి సంబంధించిన చారిత్రక విషయం కూడా.

1996లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో సరస్సు ఒడ్డున మెర్క్యురీ విగ్రహం వెలిసింది. ఫెల్తమ్‌లో బుల్సారా కుటుంబం నివసించిన సాధారణ గృహానికి స్మారక ఫలకం అమర్చింది 2016లో. తారకు ముందు గుర్తింపు దక్కి, వలస వచ్చిన కుటుంబానికి ఇరవై ఏళ్ళ తర్వాత దక్కింది. జీవిత చరిత్ర రచన కూడా ఇదే క్రమంలో సాగుతోంది. కళాకారుల జీవితాలను పరిశోధించేవారు ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ఇంటి నుంచి వేదిక వైపు నడిస్తే, చెప్పని మాటలను ఊహతో పూరించవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.